బందరుకోటలో మా ఊరి వాటా

మా విస్సన్నపేట వైపు వాళ్లకి బందరంటే కాగితాల ఊరు. కలెక్టరాఫీసు అక్కడ, జిల్లా కోర్టు అక్కడ, జిల్లా పరిషత్తు అక్కడ. పొలం తగాదా వచ్చినా, పెద్ద అర్జీ పెట్టుకోవాల్సి వచ్చినా మగవాళ్లు తెల్లవారుజామున మొదటి బస్సెక్కి నూజివీడు, హనుమాన్ జంక్షన్, గుడివాడ మీదుగా వంద కిలోమీటర్లు అటూ ఇటూగా పోయి, చీకటి పడ్డాక వచ్చేవాళ్లు. చేతిలో ఒక లడ్డూ పొట్లం. ఇంట్లో ఆడవాళ్లకి బందరు గురించి తెలిసిందల్లా ఆ పొట్లమే. మా తోటల్లో తోతాపురిని కలెక్టరు కాయ అంటారు కదా, మా మావగారు దాని మీద ఒక ఛలోక్తి వేసేవారు: "కలెక్టరు కాయేమో మన దగ్గర, కలెక్టరేమో బందర్లో."

2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టారు. విస్సన్నపేట ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది, మా పక్కనున్న నూజివీడు ఏలూరు జిల్లాలోకి పోయింది, కృష్ణా అన్న పేరు బందరు దగ్గర మిగిలింది. 1859లో కృష్ణా జిల్లా పుట్టిన దగ్గర్నుంచీ ఒక ఇంటిపేరుతో ఉన్నవాళ్లం, మూడు వాటాలయ్యాం. కాగితాల పని విజయవాడకి మారిపోయింది కనక ఇక బందరుతో మనకేం పని అని ఇంట్లో అందరూ తేల్చేశారు. దూరం తగ్గింది, నిజమే, దానికి నేనూ సంతోషించాను. కాని ఆ "ఏం పని" అన్న మాట మాత్రం నాకు గొంతు దిగలేదు. ఎందుకో చెప్పాలంటే బందరుకోట దాకా వెళ్లాలి.

మేం వెళ్లింది కార్తీక పౌర్ణమికి, మంగినపూడిలో సముద్ర స్నానానికి. స్నానాలయ్యాక మావారు కారుని కోట వైపు తిప్పారు. మా వైపు నేల ఎలా ఉంటుందో మీకు తెలుసుగా, ఎర్రమట్టి, చిన్న చిన్న గుట్టలు, కంటికి ఆనినంత మేర మామిడి తోటలు. అక్కడ గుట్ట అన్న మాటే లేదు. నల్లటి బంక నేల, అందులో ఉప్పు తేలిన తెల్లటి మచ్చలు, అక్కడక్కడ సర్కారు తుమ్మ, దూరంగా మడ చెట్లు, ఆటుపోట్లకి ఎక్కి దిగే కాలవలు, గిలకలదిండి వైపు పడవలు. నీడ కోసం చూస్తే నీడ దొరకదు. అలాంటి చోట, ఊరికి రెండు మైళ్ల అవతల, ఎవరో సామాను దింపి మళ్లీ వస్తామని చెప్పి పోయినట్టు నిలబడి ఉన్నాయి ఆ కట్టడాలు. ఆయుధాలు దాచుకున్న కొట్టు, ఒక బంగళా, గంట కట్టిన గోపురం. మూరల కొద్దీ మందం ఉన్న ఇటుక గోడలు, పెద్ద పెద్ద కమానులు. కోట గోడలు ఇప్పుడు లేనట్టే. మిగిలిన వాటికి పురావస్తు శాఖ వాళ్ల నీలం బోర్డు, గోడ పగుళ్లలో రావి మొక్కలు.

మా అమ్మాయి అడిగింది ఒకటే ప్రశ్న. "మంచి నేల అంత ఉండగా ఈ బురదలో కట్టారేంటమ్మా?" వాళ్ల నాన్న "ఓడల కోసం" అన్నారు. అది సగం జవాబే. మిగతా సగం కోసం ఇంటికొచ్చాక నేను చాలా రోజులు చదివాను.

బందరు అన్నది అసలు ఊరి పేరే కాదు, పారసీకంలో రేవు అని అర్థం. గోల్కొండ కుతుబ్షాహీల రాజ్యానికి ఇదే పెద్ద రేవు. 17వ శతాబ్దంలో ఇక్కడి నుంచి అరకానుకీ, పెగూకీ, సయాముకీ, ఇటు హొర్ముజుకీ, మక్కాకీ ఓడలు నడిచాయి. ఇరాన్ నుంచి వచ్చిన వర్తకులు ఇక్కడే కాపురాలు పెట్టారు. గోల్కొండ వజీరు మీర్ జుమ్లాకి సొంత ఓడలుండేవి. ఇంతా చేస్తే ఓడ ఒడ్డుకి వచ్చేదా అంటే రాదు. తీరం అంతా పల్లం, నీళ్లు లోతు లేవు. పెద్ద ఓడలు అయిదు మైళ్ల అవతల లంగరు వేస్తే సరుకు పడవల మీద మోసేవాళ్లు. ఊరికీ ఒడ్డుకీ మధ్య బురద మీద పొడవాటి చెక్క వంతెనలు ఉండేవని అప్పట్లో వచ్చిపోయిన వాళ్లు రాశారు. ఇళ్లు కూడా చాలావరకు చెక్కవే. విలియం మెథ్వోల్డ్ అనే ఇంగ్లీషు వర్తకుడు 1618 నుంచి నాలుగేళ్లు ఇక్కడ ఉన్నాడు. ఊరి కట్టుబడీ బాగాలేదు, ఊరు పెట్టిన చోటు అంతకన్నా బాగాలేదు అన్న అర్థంలో రాసుకున్నాడు. బాగాలేకపోయినా కదల్లేదు మరి!

కదలకపోవడానికి కారణం బట్ట. సముద్రం అవతలి వాళ్లకి బందరు ఒక చీరల కొట్టు లాంటిది. నేత ఊళ్లు వెనకాల ఉన్నాయి, అద్దకం వాళ్లు పక్కనే ఉన్నారు. ఎర్రరంగు తీసే చిరివేరు కృష్ణ సముద్రంలో కలిసే చోట, గుల్లలు కలిసిన ఇసక నేలలో మేలుగా పండేది. పత్తి పై నుంచి లంబాడీల ఎడ్ల మీద దిగేది, అవే ఎడ్లు ఉప్పు బస్తాలతో పైకి ఎక్కేవి. మా పక్క ఏ.కొండూరు తండాల వాళ్లని చూసినప్పుడు నాకిప్పుడు ఆ ఎడ్ల మందలు గుర్తొస్తాయి. రేవు ఎక్కడో సముద్రం పక్కన ఉన్నా, దాని వేళ్లు మా మెట్ట ఊళ్ల దాకా పాకి ఉండేవన్నమాట.

వాసన పట్టి ఒక్కొక్కళ్లే దిగారు. 1605లో డచ్చి వాళ్ల ఓడ వచ్చింది, మరుసటి ఏడే కొఠీ పెట్టుకున్నారు. 1611లో ఇంగ్లీషు వాళ్లు, గ్లోబ్ అనే ఓడలో. 1669లో ఫ్రెంచి వాళ్లు. మద్రాసు పట్నం అప్పటికింకా పుట్టలేదు అనుకునేరు, ఫ్రెంచి వాళ్లు వచ్చేసరికి పుట్టి ముప్పయ్యేళ్లయింది. కాని ఆ మద్రాసుని పెట్టిన ఇంగ్లీషు వాళ్లు బందరు కొఠీ నుంచి లేచి వెళ్లినవాళ్లే.

ఎవరికి వాళ్లు పేటలు కట్టుకున్నారు. మనవాళ్లు వాటికి నోరు తిరిగిన పేర్లు పెట్టారు. హాలెండు వాళ్లు వలందాలయ్యారు, వాళ్లున్నది వలందపాలెం. ఫ్రెంచి వాళ్లు పరాసులు, వాళ్లది పరాసుపేట. ఇంగ్లీషుపాలెం సరే సరి. ఇవన్నీ ఇవాళ్టికీ ఆటోవాడికి చెబితే తీసుకెళ్లి దింపే పేర్లే.

ఇల్లాలిగా నాకు ముచ్చట వేసేది ఇంకో సంగతి. ఈ సముద్రం దాటి వచ్చినవాళ్లు కోటలో ఉండిపోలేదు, మా వంటింట్లోకి దూరారు. సబ్బు, ఇస్త్రీ, బాల్చీ, తువ్వాలు, అనాస, బొప్పాయి, అన్నీ బుడతకీచుల మాటలే, అంటే పోర్చుగీసు వాళ్లవి. డచ్చి వాళ్లు మాత్రం ఇన్నేళ్లుండి మనకి గట్టిగా ఇచ్చిపోయిన మాట కక్కూసు. మా అమ్మమ్మ జీవితాంతం ఆ మాటే వాడింది, హాలెండు ఎక్కడుందో తెలియకుండానే.

సరే, బురద దగ్గరకి వద్దాం. వర్తకానికి వచ్చినవాళ్లు కోట ఎందుకు కట్టారంటే, ఒకరి మీద ఒకరికి నమ్మకం లేక. 1750లో ఊరు ఫ్రెంచి వాళ్ల చేతికి వచ్చింది. వాళ్లు కోటని బలంగా కట్టుకున్నారు. ఆ బురదే వాళ్లకి కందకం. మూడు పక్కలా ఉప్పు రొంపి, సముద్రపు పాయ. ఊరి నుంచి కోటకి ఒక గట్టు బాట తప్ప దారి లేదు. అలాంటి కోటని 1759లో కల్నల్ ఫోర్డు అనే ఇంగ్లీషు సేనాని ముట్టడించాడు. విజయనగరం ఆనందరాజు ఆయనకి తోడు. లోపల కాన్‌ఫ్లాన్స్ అనే ఫ్రెంచి అధికారి, బయట ఉన్నవాళ్లకన్నా లోపల తెల్ల సిపాయిలు ఎక్కువ. పైగా నిజాం సలాబత్ జంగ్ సేనతో బెజవాడ వైపు నుంచి వస్తున్నాడు. ఫోర్డు దగ్గర మందుగుండు అయిపోవచ్చింది. ఏప్రిల్ 7 రాత్రి ఆయన ఏం చేశాడంటే, ఎవరూ దాటలేరనుకున్న ఆ రొంపిలోకే ఒక దళాన్ని దింపాడు. మోకాళ్ల లోతు బురదలో నడిచి వాళ్లు ఒక పక్క కాల్పులు మొదలుపెట్టారు, గట్టు బాట దగ్గర ఆనందరాజు మనుషులు గోల చేశారు, లోపలి వాళ్లు అటు చూసేలోపు ఇంకో పక్క నుంచి అసలు దళం గోడ ఎక్కింది. తెల్లారేసరికి కోట ఇంగ్లీషు వాళ్లది. నెల తిరిగీ తిరగకుండా సలాబత్ జంగ్ బందరునీ, చుట్టూ ఎనిమిది పరగణాలనీ, నిజాంపట్నాన్నీ వాళ్లకి రాసిచ్చాడు.

పుస్తకాల్లో దీన్ని పెద్ద విజయంగా రాస్తారు. నాకు మాత్రం దాని తర్వాత జరిగిందే పెద్ద సంగతి అనిపిస్తుంది, ఎందుకంటే మా ఊళ్లు కథలోకి వచ్చేది అక్కడే.

1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానా, 1766లో నిజాముతో ఒప్పందం, దాంతో ఉత్తర సర్కారులు చాలావరకు కంపెనీ కిందకి వచ్చాయి. అప్పటికింకా కలెక్టర్లు లేరు. బందరులో ఛీఫ్ అని ఒక పెద్ద, ఆయన కింద ఒక కౌన్సిలు. బట్ట బేరం చేసినవాళ్లే శిస్తు వసూలు చేసే ప్రభువులయ్యారు. మా వైపు జమీందార్లు నూజివీడు అప్పారావులు, మేకావారు. రైతు పంటలో వాటా జమీందారుకి, జమీందారు పేష్కషు బందరుకి. బందరు ఎంత అడిగితే అంత పంపాలి. వాన పడనీ, పడకపోనీ. మా మెట్టలో వాన ఎంత నమ్మకమో చెప్పక్కర్లేదు. చెరువు నిండితే వరి, లేకపోతే జొన్న, అదీ లేకపోతే వలస. బాకీలు పెరిగాయి. కంపెనీ వాళ్లు జమీందారు ఎదురు తిరిగాడన్నారు. 1783లో బందరు పంపిన సేనలు నూజివీడు కోట మీద పడి దాన్ని పట్టుకున్నాయి.

మా పిల్లలు ఏడాదికి పది సార్లు నూజివీడు వెళ్తారు. మామిడి సీజన్లో రోజూ ఎవరో ఒకరు వెళ్తారు. ఆ ఊరి కోట మీద పడ్డ ఫిరంగులకి మాట బందరు నుంచి వచ్చిందని నాకు నలభై ఏళ్లు దాటాక తెలిసింది. మా పాఠం పుస్తకాల్లో ప్లాసీ ఉంది, పానిపట్టు ఉంది, మా పక్క ఊరు లేదు.

1794లో ఛీఫుని, కౌన్సిలుని తీసేసి కలెక్టర్లని పెట్టారు. 1802లో శాశ్వత శిస్తు కుదిర్చి, అప్పారావుల ఆస్తిని నూజివీడు, నిడదవోలు అని రెండుగా పంచారు. ఆ తర్వాత నూజివీడు వాటాని మళ్లీ మళ్లీ పంచుకున్నారు. శిస్తు మాత్రం పోయేది ఒకే దారిన. కోటలో సిపాయికి జీతం, ఆ కొట్టులో మందుగుండు, ఆ బంగళాకి సున్నం, ఇవన్నీ ఎవరో దేశం కాని దేశం నుంచి తెచ్చి పెట్టలేదు. ఇటుక మన మట్టి, సున్నం మన గుల్లలది, కట్టిన చేతులు మనవాళ్లవి, డబ్బు మా జొన్న చేలది. మావారు ఆ కమాను కింద నిలబడి "మనది కాదే ఇది, ఎక్కడి వాళ్లో కట్టుకున్నది" అన్నారు. నాకు ఇప్పుడు ఆ మాట ఒప్పుకోబుద్ధి కావడం లేదు. రూపం వాళ్లది. బిల్లు కట్టింది మనం.

బందరులో ఇలా చోటు తప్పి వచ్చి కూర్చున్నవి ఇంకా ఉన్నాయి. వలందాల స్మశానం చూడండి. రాతి పలకల మీద వాళ్ల వంశాల గుర్తులు, డాలు బొమ్మలు, వాళ్ల అక్షరాలు, నగిషీ చెక్కినట్టు చెక్కారు. మనవాళ్ల చేతి పని కాకపోతే అంత నేర్పు ఎక్కడిదా అనిపిస్తుంది. డచ్చి వాళ్లు 1825లో తమ చోట్లు ఇంగ్లీషు వాళ్లకి అప్పజెప్పి వెళ్లిపోయారు. చచ్చిపోయినవాళ్లు ఇక్కడే ఉన్నారు. సెయింట్ మేరీ చర్చిలో అరబెల్లా రాబిన్సన్ అనే అమ్మాయి సమాధి ఉంది. 1809లో పోయింది. ఆమెని ప్రేమించిన జనరల్ పేటర్, మతాలు వేరన్న పేచీ వచ్చి స్మశానంలో చోటివ్వకపోతే, ఆమె సమాధి చుట్టూ ఏకంగా చర్చే కట్టించాడని, దేహం చెడకుండా అద్దాల పెట్టెలో ఉంచి చూసుకునేవాడని బందరు వాళ్లు చెప్పుకుంటారు. అద్దాల పెట్టె సంగతి నేను నమ్మను గాని, కథ విన్న రాత్రి మా అమ్మాయి నా పక్కన పడుకుంది.

వీటన్నిటికన్నా నాకు వింతగా తోచింది రాబర్ట్‌సన్‌పేట. 19వ శతాబ్దపు మొదట్లో రాబర్ట్‌సన్ అనే అధికారి అక్కడ కొత్త బజారు కట్టించి, దాని నడిమధ్య అలంకారానికి అమరావతి స్తూపం రాళ్లు తెప్పించి నిలబెట్టాడు. బుద్ధుడి కథలు చెక్కిన పాలరాయి పలకలు, కూరగాయల బేరాల మధ్య! వాటిలో చాలావరకు తర్వాత మద్రాసు మ్యూజియానికి వెళ్లాయి. సముద్రం దాటి వచ్చినవాళ్ల ఇళ్లు మన బురదలో నిలబడితే, మన గుడి రాళ్లు వాళ్ల బజారులో నిలబడ్డాయి.

ఫ్రెంచి వాళ్ల సంగతి మరీ తమాషా. కోట పోయింది, యుద్ధాలు పోయాయి, కాని బందరులో చిన్న చెక్క నేల మాత్రం ఒప్పందాల ప్రకారం ఫ్రాన్సుదిగానే ఉండిపోయింది. 1947 ఆగస్టు 15న దేశమంతా జెండా ఎగిరింది కదా, ఆ ముక్క మాత్రం ఆ రోజుకి ఇంకా స్వతంత్ర భారతం కాదు. అక్టోబరు 6న ఫ్రాన్సు ఇచ్చేసింది. యానాం అందరికీ తెలుసు, ఈ ముక్క సంగతి బందరులో పుట్టిన మా పెద్దాడపడుచుకే తెలియదు.

ఇక కోట ఎందుకు ఖాళీ అయిందన్నది. దాన్ని ఏ సేనా ఖాళీ చేయించలేదు. 1864 నవంబరు 1. పగలంతా గాలి, రాత్రికి తుపాను. పోటు మీద ఇంకో పదమూడు అడుగుల ఎత్తున సముద్రం లేచి ఊరి మీదికి వచ్చింది. అడ్డుకోవడానికి గుట్ట లేదు, దిబ్బ లేదు, నేనింతకు ముందు చెప్పిన ఆ పల్లమే. రొంపి కందకమై మనుషుల్ని ఆపింది గాని నీళ్లని ఆపుతుందా? చుట్టుపక్కల పల్లెలతో కలిపి ముప్పై వేల మంది పోయారని లెక్క. దొంతరలు దొంతరలుగా శవాలు, ఉప్పుబారిన మంచినీళ్ల బావులు, కొట్టుకుపోయిన పశువులు. తాగడానికి నీళ్లు లేని చోట బతికినవాళ్ల సంగతి ఊహించుకోండి. చనిపోయినవాళ్లలో దొరలు కొద్దిమంది. వాళ్లకి మందపు గోడలూ, మిద్దెలూ ఉన్నాయి. పూరిళ్లలో ఉన్నవాళ్లు, పడవ నడిపేవాళ్లు, ఉప్పు తీసేవాళ్లు, అద్దకం వాళ్లు, వాళ్లే ఆ వేలు. వాళ్లకి పేరు చెక్కిన పలకలు లేవు. వలందాల స్మశానంలో అంత నగిషీ చూసొచ్చాక ఈ సంగతి చదివితే కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

మరుసటి ఏడు, 1865లో, కంపెనీ తర్వాత వచ్చిన సర్కారు కోటలో సేనని పూర్తిగా ఎత్తేసింది. వంద సంవత్సరాలు ఎవడొస్తాడోనని సముద్రం వైపు ఫిరంగులు పెట్టుకుని కూర్చున్న కోట అది.

మా మెట్ట వాళ్లకి ఉప్పెన అంటే తెలిసింది 1977 నవంబరు 19తో. మా అత్తయ్య చెబుతుంది. మా ఊళ్లో రెండు రోజులు గాలీ వానా, కొమ్మలు విరిగాయి, రేడియోలో దివిసీమ పేరు వినపడింది. తర్వాత లారీలు వచ్చి ఇంటింటికీ బియ్యం, పాత బట్టలు అడిగాయి. ఈవిడ పెళ్లినాటి దుప్పట్లు రెండు ఇచ్చేసింది. "ఇస్తుంటే మీ మావయ్య ఊరుకున్నారు, ఆయనకి ఆ దుప్పట్లంటే ప్రాణం" అంది. ఆ ఉప్పెనలో పది వేల మందికి పైగా పోయారు. అప్పటికి మనమంతా ఒక జిల్లా. దివిసీమ మా జిల్లా అన్న మాట రేడియోలో రావడంతోనే మా ఊరు కదిలిందని అత్తయ్య అంటుంది. ఇప్పుడైతే పక్క జిల్లా. పక్క జిల్లా అయినా ఇస్తాం, ఇవ్వకేం. కాని ఆవిడ ఆ మాట అన్నాక "కాగితాల పని తీరింది కదా" అని నేను తేలిగ్గా అనలేకపోతున్నాను.

లడ్డూ గురించి రాయకుండా బందరు మీద వ్యాసం రాస్తే నన్నెవరూ క్షమించరు. అది కూడా పరాయి ఊరిదే. బుందేల్‌ఖండ్ వైపు నుంచి వచ్చిన బొందిలీల చేతి వంట అని చెబుతారు. శనగపిండితో లావుపాటి పూస వండి, దాన్ని రోట్లో దంచి, బెల్లం పాకంలో నేతితో కలిపి మళ్లీ దంచుతారు. అందుకే తొక్కుడు లడ్డూ అన్నారు. నేను మిక్సీలో తిప్పి చూశాను, పిండి పిండిగా వస్తుంది తప్ప ఆ బంక రాదు. రోకలి పోటు పడాలి. ఉత్తరాది వాళ్ల చెయ్యి, మన బెల్లం, పేరు మాత్రం పారసీకపు బందరుది. ఎవరు దీన్ని చోటు తప్పిందంటారు?

తిరుగు దారిలో పెడన దగ్గర ఆగి కలంకారీ దుప్పటి ఒకటి కొన్నాను. బట్టని కరక్కాయ నీళ్లలో ముంచి, చెక్క అచ్చుతో అద్ది, కాలవలో ఉతికి, ఎండలో పరిచి, మళ్లీ మొదలు. డచ్చి వాళ్లు, ఇంగ్లీషు వాళ్లు ఇంతదూరం వచ్చింది ఈ అద్దకం కోసమే. వాళ్ల కోట పాడుబడింది, ఈ అచ్చులు ఆడుతూనే ఉన్నాయి. అచ్చు వేసే ఆవిడ వేళ్లు నలుపు తిరిగి ఉన్నాయి. రోజుకెంత వస్తుందని అడిగాను. ఆవిడ చెప్పిన అంకె విని బేరం ఆడలేదు.

బందరులో ఇప్పుడు మళ్లీ రేవు మాట వినిపిస్తోంది. 2023 మే 22న మంగినపూడి దగ్గర తపసిపూడిలో కొత్త పోర్టుకి శంకుస్థాపన చేశారు. ఓడ అయిదు మైళ్ల అవతల ఆగిపోయే ఆ పల్లం నీళ్లని తవ్వి, రాళ్ల గట్లు వేసి, ఓడని ఒడ్డుకి తెస్తారట. మేం వెళ్లినప్పుడు రాళ్ల లారీలు వరసగా పోతున్నాయి. సముద్రం ఒడ్డున రాయి పుట్టదు కదా, గుట్టలున్న చోటు నుంచే రావాలి. "ఎక్కడి రాయి బాబూ?" అని ఒక డ్రైవరుని అడిగారు మావారు. "పైనుంచండీ, మీ వైపు నుంచే" అన్నాడు ఆ అబ్బాయి, ఎటో పడమర వైపు చెయ్యి చూపించి.